తంగేడుకి నీళ్లెక్కువైతేనే ముప్పు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే చాలు, మొక్కల పెంపకం మీద పేపర్లలో వచ్చేవన్నీ షేడ్‌నెట్లు, డ్రిప్పులు, కుండీలు, లేదంటే కడియం నుంచి తెచ్చుకునే రంగురంగుల మొక్కల గురించే. తప్పేం లేదు. కానీ రాజానగరం దాటి మెట్ట వైపు వెళ్తే, ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండానే పచ్చగా విరగబూసే తంగేడు మన పెరళ్లలో ఎందుకు లేదో నాకర్థం కాదు. అది తెలంగాణ రాష్ట్ర పుష్పమని, బతుకమ్మలో పెడతారని మాత్రం అందరికీ తెలుసు!

అడిగితే "డెల్టాలో బతకదండీ" అంటారు. బతుకుతుంది. మనం పోసే నీళ్లకే చస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాలవ నీళ్లకి అలవాటుపడ్డ ప్రాణాలు కదా మనవి, పొద్దునా సాయంత్రం బకెట్ పోస్తే గానీ మొక్కని చూసుకున్నట్టుండదు. మన ఒండ్రు నేలేమో తడిని ఓ పట్టాన వదలదు, దాంతో వేరు కుళ్లిపోతుంది. అందుకని రోజంతా ఎండ తగిలే చోట మోకాలెత్తు దిబ్బ పోసి, మట్టిలో సగానికి సగం ఇసుక కలపాలి (ఇసుక దొరికితే లెండి). ఎరువు జోలికి పోవద్దు. గింజ పెంకు గట్టిది కాబట్టి గరుకు రాయి మీద కాస్త రుద్ది, రాత్రంతా నానేసి, తొలకరికి నేరుగా దిబ్బ మీదే పెట్టండి, ఎందుకంటే వేరు లోతుకి దిగే మొక్క, పెద్దయ్యాక పీకి నాటితే ఓ పట్టాన తేరుకోదు. వేరు పట్టేదాకా తడి ఇచ్చి వదిలేయడమే. పూత కొమ్మల చివర్లలో వస్తుంది, అయిపోగానే కత్తిరిస్తే గుబురుగా చిగురేస్తుంది. పశువులు కూడా పెద్దగా ముట్టవు.

ఈ పూలలో తేనె ఉండదు, పుప్పొడి కోసమే గండుతుమ్మెదలొస్తాయి. పువ్వుని పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి రాలుతుంది, చూసి తీరాలి. మా ఇంట్లోవాళ్లకి తుమ్మెదలంటే భయం, అది వేరే సంగతి. లేతాకుపచ్చ కలిసిన తెల్ల సీతాకోకచిలుకలు ఆకుల మీద గుడ్లు పెడతాయి, గొంగళ్లు నాలుగు ఆకులు తింటే తిననివ్వండి, మందు మాత్రం కొట్టకండి.

మున్సిపాలిటీల వాళ్లకీ ఒక మాట. డివైడర్ల మీద ట్యాంకర్ నీళ్ల కోసం ఎదురుచూసే మొక్కల బదులు ఒక్క రోడ్డులోనైనా తంగేడు వేసి చూడండి. కడియం నర్సరీల వాళ్లు లేతగా ఉండగానే కవర్లలో అమ్మితే మొదట కొనేది నేనే. అప్పటిదాకా ఎవరికైనా గింజలు కావాలంటే మెట్ట రోడ్ల పక్కన ఎండుకాయలు కోసుకోవచ్చు, డబ్బులు కూడా అక్కర్లేదు.

ఇట్లు
ఒక పాఠకురాలు, రావులపాలెం