భాష తెలియని చోట ప్రతి కదలికా అనుమానమే

సంపాదకుల వారికి,

అయ్యా,

2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ 60 మంది సహచరులతో మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించిన నాటి నుంచి, మా జిల్లాకు పట్టిన భయం వదిలిపోతోందని తరచుగా వింటున్నాం. ప్రాణహిత ఈవలి గట్టున, సిరొంచ తాలూకాలో చాలా ఏళ్లు బడిపంతులుగా పనిచేసిన నేను ఆ మాటకు సంతోషించాను. అయితే భయం జనంలో తగ్గితే చాలదు, తుపాకీ పట్టుకుని దారి కాచే పోలీసు మనసులోనూ తగ్గాలి. అది లొంగుబాట్ల సంఖ్యను చూసి తగ్గేది కాదని ఈ మధ్య మా ఇంటివాళ్లకే ఎదురైన ఒక సంఘటన వల్ల నాకు అర్థమైంది.

మా తమ్ముడి పొలంలో పనిచేసే పెద్దాయన ఒకరు అడవి పందులు రాకుండా మిరప చేను చుట్టూ కట్టడానికి ఇనుప తీగ చుట్ట, టార్చిలైటు సంచిలో వేసుకుని చీకటి పడే వేళ ఊరికి నడిచి వస్తున్నారు. గస్తీ పోలీసులు మరాఠీలో చేతులు పైకెత్తమన్నారు. ఆయనకు వచ్చినవి తెలుగు, గోండి మాత్రమే. సంచిలో ఏముందని అడుగుతున్నారనుకుని, చూపిద్దామని చేయి లోపల పెట్టారు. ఒక కుర్ర కానిస్టేబుల్ వెంటనే తుపాకీ గురిపెట్టాడు. ఆ దళంలో గోండి తెలిసిన జవాను ఒకరు అరిచి ఆపకపోతే ఏమయ్యేదో చెప్పలేను. తీగ ఎందుకో తేలే వరకు, అంటే తెల్లవారే దాకా, పెద్దాయనను ఠాణాలోనే కూర్చోబెట్టారు.

ఆ కానిస్టేబుల్‌తో తర్వాత నేను మాట్లాడాను. వేరే జిల్లా నుంచి వచ్చిన ఇరవై అయిదేళ్ల లోపు కుర్రవాడు. ఆ క్షణంలో తనకు మనిషి ముఖం కనిపించలేదని, సంచిలోకి పోతున్న చేయి ఒక్కటే కనిపించిందని తల వంచుకుని చెప్పాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. 2009 ఒక్క సంవత్సరంలోనే ఈ జిల్లాలో మావోయిస్టుల దాడుల్లో మర్కెగావ్‌లో 15 మంది, హత్తిగోటలో 16 మంది, లాహేరిలో 17 మంది పోలీసులు హతమయ్యారు. 2019 మే 1న కుర్‌ఖేడా దగ్గర, రోడ్డు పనుల వాహనాలు తగలబడ్డాయని తెలిసి హడావుడిగా ప్రైవేటు బండిలో బయలుదేరిన 15 మంది పోలీసులు, ఆ బండి డ్రైవరు మందుపాతరకు బలయ్యారు. ఇక్కడికి వచ్చే ప్రతి కొత్త కానిస్టేబుల్ మొదట వినేది ఈ కథలే. వినాలి కూడా. కల్వర్టు దాటే ముందు దిగి చూడటం, నడిచిన దారిలో మళ్లీ నడవకపోవడం వంటి జాగ్రత్తలు ఆ చావుల నుంచి నేర్చుకున్నవే, ఎన్నో ప్రాణాలు కాపాడినవే.

కానీ అపాయాన్ని చూసే కన్ను విన్న కథలతోనే తయారవుతుంది. కథల్లో లేని అపాయం ఎదురుగా ఉన్నా దానికి ఆనదు. విధి నిర్వహణలో ప్రాణాలు పోగొట్టుకునే పోలీసుల్లో తీవ్రవాదుల చేతిలో పోయేవారికన్నా ప్రమాదాల్లో పోయేవారే ఎక్కువని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చాలా ఏళ్లుగా చూపిస్తున్నాయి. అయినా హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్లే జవాన్లను నేను రోజూ చూస్తున్నాను. మహారాష్ట్రలో మలేరియా బెడద ఎక్కువగా ఉన్న జిల్లా మాది; దోమతెర కట్టుకోకపోవడాన్ని ఎవరూ సాహసంగా అనుకోరు, అపాయంగానూ అనుకోరు.

తీగ సంగతే చూడండి. 2024 ఫిబ్రవరిలో, గోదావరికి ఆవల తెలంగాణలోని కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో, జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి, మావోయిస్టుల కోసం గాలించే పోలీసు దళమైన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు చనిపోయారు. అది మావోయిస్టుల తీగ కాదు, వేటగాళ్లది. కాబట్టి తీగను చూసి ఆ కుర్రవాడు ఉలిక్కిపడటం అర్థం లేనిదని నేను అనను. మందుపాతర తీగ ఏది, వేటగాళ్ల కరెంటు తీగ ఏది, రైతు పందుల కోసం భుజాన వేసుకుని పోతున్న తీగ ఏది అని తేల్చుకోవాలంటే కళ్లు చాలవు. ఎదుటి మనిషిని ఒక్క మాట అడిగి, ఆయన చెప్పింది అర్థం చేసుకోగలగాలి. మాట అందని చోట పోలీసుకు మిగిలేది చేతుల కదలిక మాత్రమే. ఆ కదలిక అతనికి ఎప్పుడూ అపాయంగానే కనిపిస్తుంది.

ఇది పోలీసు శాఖకు తెలియని విషయం కాదు. 1990లో అప్పటి ఎస్పీ కె.పి. రఘువంశీ మావోయిస్టులను ఎదుర్కోవడానికి సి-60 అనే ప్రత్యేక పోలీసు దళాన్ని ఏర్పాటు చేసినప్పుడు స్థానిక యువకులనే తీసుకున్నారు. అడవితో పాటు ఇక్కడి భాష తెలియడమే ఆ దళానికి బలమైంది. ప్రభుత్వ పథకాలను ఠాణాల ద్వారా అందించడానికి తెచ్చిన ‘పోలీస్ దాదాలోరా ఖిడ్కీ’కి గోండి మాట కలిపి పేరు పెట్టారు. అంటే మాట విలువ తెలుసు. అయితే దళానికి ఉన్న ఆ వెసులుబాటు, బయటి జిల్లాల నుంచి వచ్చి కొంతకాలం పనిచేసి వెళ్లిపోయే మామూలు ఠాణా సిబ్బందికి లేదు. సిరొంచ వైపు గోండి నేర్చుకున్నా సరిపోదు, తెలుగు కూడా కావాలి. నదికి అటూ ఇటూ చుట్టరికాలున్న మా ఊళ్లలో వయసు మళ్లినవారు చాలామందికి మరాఠీ ఇప్పటికీ పరాయి భాషే.

నేను కోరేది చిన్న విషయం. మా తాలూకా ఠాణాలకు వచ్చే ప్రతి కొత్త ఉద్యోగికి మొదటి నెలలోనే వంద తెలుగు మాటలు, వంద గోండి మాటలు నేర్పాలి. ‘ఆగండి’, ‘చేతులు కనపడనివ్వండి’, ‘సంచి కింద పెట్టండి’, ‘ఎవరి పొలం?’ అన్నవి అందులో ముందుండాలి. రాత్రి గస్తీలో ఈ రెండు భాషల్లో ఒకటైనా తెలిసినవారు ఒకరు తప్పక ఉండేలా చూడాలి. ఖర్చు అడ్డమని ఎవరూ చెప్పనవసరం లేదు. నాతో పాటు పదవీ విరమణ చేసిన మరో ముగ్గురు ఉపాధ్యాయులు సాయంత్రం పూట గంటసేపు ఠాణాకు వచ్చి ఉచితంగా నేర్పడానికి ఒప్పుకున్నారు. పాఠం కోసం మాటల జాబితా రాయడం మొదలుపెట్టాం. ‘తీగ’ అన్న మాటకు ఎదురుగా మరాఠీలో అర్థం రాయమని ఆ కానిస్టేబుల్‌నే అడిగాను, రాసిచ్చాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా