మా బుడ్డోడిని బతికించిన ఆ అక్కకి

నిద్ర లేక కళ్ళు మండిపోతున్నాయి, ఎక్కడైనా తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇవాళ పొద్దున మా పిల్లి బుడ్డోడు తనంతట తనే ట్రేలోకి (లిట్టర్ అనే ఇసుకలాంటిది పోసి పెట్టే వాడి టాయిలెట్) వెళ్ళి, తవ్వుకుని, కూర్చుని, యూరిన్ పోసి, కప్పెట్టి మరీ బయటికొచ్చాడు. స్కూపుతో తీస్తే నిమ్మకాయంత తడి ముద్ద. అది చూసి కింద కూర్చుని ఏడ్చేశాను. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళకి నేనేం చెప్తున్నానో అర్థమవుతుంది. ఈ పోస్టు ముఖ్యంగా ఒక మనిషి కోసం. ఆవిడ పేరు రాయొద్దన్నారు, ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళ మేడమెట్ల మీద దొరికాడు వీడు, గుప్పెడంత ఉన్నాడు అప్పుడు. నీళ్ళు తగ్గాక మేం సత్యనారాయణపురం తెచ్చుకున్నాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం. ట్రే అలవాటు చెయ్యటానికి అసలు కష్టపడలేదు, చూపించగానే నేర్చుకున్నాడు, అంత శుభ్రం. అలాంటివాడు ఈమధ్య ఉన్నట్టుండి ట్రే మానేశాడు. డోర్‌మ్యాట్ మీద కొంచెం, బాత్రూం మూల కొంచెం, ఒకసారి వంటింటి సింకులో, తర్వాత మా పరుపు మీద. అన్నీ కొంచెం కొంచెమే. ఇంక చుట్టూ ఉన్నవాళ్ళ సలహాలు చెప్పక్కర్లేదు. ముక్కు పట్టుకుని దాంట్లో రాయమన్నారు, కారం చల్లమన్నారు, పొగరెక్కింది అన్నారు, చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రండి అక్కడే బతుకుతాడు అన్నారు. ఓనర్ గారు పైకొచ్చి వాసనొస్తోంది, పిల్లో ఇల్లో తేల్చుకోండి అన్నారు. మేం ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. బుట్టలోంచి బయటికి కూడా తియ్యలేదు, పొట్ట ముట్టుకోలేదు, యూరిన్ టెస్ట్ ఊసే లేదు, బిహేవియర్ ప్రాబ్లం అని చెప్పి ఏదో స్ప్రే రాసి పంపేశారు.

ఆ రోజు సాయంత్రం నుంచి ట్రేలోకి వెళ్ళటం, కూర్చోవటం, ముక్కటం, ఏమీ రాక బయటికి రావటం, మళ్ళీ వెళ్ళటం, కింద నాక్కోవటం. తొమ్మిదవుతుండగా ఒక అరుపు అరిచాడు, వాడి గొంతులో అలాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు. మా ఆయన నైట్ డ్యూటీలో ఉన్నారు. బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కి అదే క్లినిక్‌కి పరిగెత్తాను. షట్టర్ సగం దించేశారు. కౌంటర్‌లో అబ్బాయి ఫోన్లోంచి తల ఎత్తకుండానే డాక్టర్ గారు వెళ్ళిపోయారు మేడం, పిల్లే కదా, రేపు పదకొండింటికి రండి అన్నాడు.

బయట మెట్ల మీద కూలబడ్డాను. ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా తోచలేదు. అప్పుడు లోపల తడిగుడ్డ పెడుతున్న ఆయమ్మ కర్ర గోడకి ఆనించి బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. మొదటి మాటే, "ఉచ్చ పోసి ఎంతసేపయిందమ్మా?" అని. అన్ని రోజుల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ! చేతులు చీరకి తుడుచుకుని, బుట్ట మూత తీసి, వాడికి ముందు తన వేళ్ళు వాసన చూపించి, ఆ తర్వాత పొట్ట కింద చెయ్యి పెట్టి చూసింది. "బిగిసిపోయుందమ్మా. నువ్వు నొక్కమాక. ఇది రేపటిదాకా ఆగే పని కాదు, మగపిల్లికి ఇట్టా ఆగితే ఉండదు. నేను చూశాను ఇక్కడ."

వెంటనే తన ఫోన్లో ఎవరికో చేసింది. ఇంతకుముందు ఆ క్లినిక్‌కి వచ్చే ఒక పెద్ద డాక్టర్ గారంట, ఇప్పుడు రామవరప్పాడు దాటాక ఇంటి దగ్గరే చూస్తారంట. తీసుకురమ్మన్నారు. నాకు అడ్రస్ చెప్పి పంపేస్తుందనుకున్నా. వెళ్ళి చెప్పులేసుకుని వచ్చి ఆటో ఎక్కి కూర్చుంది. ఇల్లు కృష్ణలంకలో, మేం వెళ్ళేది పూర్తిగా అటువైపు, పొద్దున్నించీ డ్యూటీ చేసిన మనిషి. బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. ఏలూరు రోడ్డులో లైట్లు వాడి కళ్ళల్లో పడుతుంటే బెదురుతున్నాడని పైటకొంగు బుట్ట మీద కప్పి, దారంతా "వచ్చేశాం నాన్నా, వచ్చేశాం" అంటూనే ఉంది. రింగు దగ్గర లారీల మధ్య ఆటో ఆగిపోయినప్పుడు నా చేతులు వణకటం చూసి "నువ్వేమన్నా తిన్నావా అమ్మా?" అంది. అంతే, అప్పటిదాకా బిగబట్టుకుంది మొత్తం పోయింది నాకు. మా అమ్మ పోయాక నన్ను ఆ గొంతుతో ఎవరూ ఆ మాట అడగలేదు.

డాక్టర్ గారు గేటు తీసి పెట్టుకుని ఉన్నారు. మత్తిచ్చి, యూరిన్ దారిలో కాథెటర్ (సన్నటి గొట్టం) వేసి, సెలైన్‌తో అడ్డం క్లియర్ చేశారు. మొదట వచ్చింది యూరిన్ కాదు, ఎర్రటి నీళ్ళు. మగపిల్లికి యూరిన్ దారి చాలా సన్నగా ఉంటుందంట, జిగురూ సన్న ఇసుక లాంటి క్రిస్టల్సూ కలిసి మూసుకుపోతుందంట. అలా పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ఒంట్లో పొటాషియం పెరిగిపోయి గుండె ఆగుతుందంట, తెల్లారేదాకా ఉంచి ఉంటే నేను ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి అన్నారు. ట్రే ఎందుకు మానేశాడో కూడా ఆయనే చెప్పారు. ట్రేలో కూర్చున్న ప్రతిసారీ నొప్పి వస్తుంటే వాడికి ఆ నొప్పి ట్రే వల్లే అనిపిస్తుంది, అందుకని చల్లగా నున్నగా ఉన్న చోటు, మెత్తటి చోటు వెతుక్కుంటాడు, టైల్స్, సింకు, పరుపు. పొగరు కాదండీ అది. నొప్పి. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ అక్క వాడి తల పట్టుకునే నిలబడింది. అన్నీ అయ్యాక డబ్బులివ్వబోతే నా చెయ్యి మూసేసి, "బాగయ్యాక ఫోన్ చెయ్యి, నేనిట్టా వచ్చానని మా కౌంటర్లో మాత్రం చెప్పమాక, ఉద్యోగం పోద్ది" అని బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఒక్క విషయం అడగకుండా ఉండలేకపోతున్నాను. ఇంత పెద్ద సిటీ, రాజధాని పక్కన. ఊళ్ళలో గేదెలకీ ఆవులకీ 1962కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చే ఏర్పాటు ఉంది, రైతులకి అది ఎంతో మేలు, నేను కాదనను. మరి సిటీలో రాత్రి తొమ్మిది దాటాక పిల్లికో కుక్కకో ప్రాణం మీదికొస్తే ఎక్కడికి పోవాలి? పొటాషియం చూడాలంటే మనుషుల ల్యాబ్ వాళ్ళు జంతువు రక్తం మేం తీసుకోం అన్నారు. పిల్లి కాథెటర్ కావాలని మా మరిది తిరిగిన మెడికల్ షాపుల్లో ఎక్కడా లేదు, డాక్టర్ గారి దగ్గర ఉన్నదే ఆఖరిది. బోర్డు మీద ఎమర్జెన్సీ అని రాసుకున్నవాళ్ళు షట్టర్ దించుతుంటే ఎట్లా? తడిగుడ్డ పెట్టే మనిషికి తెలిసిన విషయం కౌంటర్లో కూర్చోబెట్టిన అబ్బాయికి ఎందుకు చెప్పి ఉంచరు? మగపిల్లి ముక్కుతోంది, చుక్క రావట్లేదు అని ఎవరైనా వస్తే ఇంకేమీ అడగకుండా లోపలికి పంపు అని ఒక్క ముక్క చెప్పటానికి ఎంతసేపు పడుతుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

కాథెటర్ తీసేసి ఇంటికొచ్చాక కూడా వాడు ట్రే వంక చూడలేదు. దారి మార్చుకుని గోడవారగా వెళ్ళేవాడు. ఆ అక్కకి ఫోన్ చేసి చెప్పా, ఊరికే చెప్పుకున్నానంతే. ఆదివారం మధ్యాహ్నం తలుపు కొట్టారు. చూస్తే ఆవిడే, చేతిలో పెద్ద సంచి. సంచి నిండా ఇసుక. వాళ్ళింటి దగ్గర ఇల్లు కడుతున్నచోట అడిగి తెచ్చి, కడిగి, డాబా మీద ఎండబెట్టి, జల్లెడ పట్టి రాళ్ళన్నీ ఏరి మరీ తెచ్చింది, ఒక పిల్లి కోసం, ఆవిడకి సెలవున్న ఒక్క రోజున. "రోడ్డు మీద పుట్టినోడు కదమ్మా, కాళ్ళకి మట్టి తగిలితే గుర్తుకొస్తది" అంది. డాక్టర్ గారిని అడిగితే మంచి ఐడియానే, మొదట ఇసుకే ఎక్కువ వేసి మెల్లగా లిట్టర్ పెంచుకుంటూ పొండి అన్నారు. పాత ట్రే వద్దు, ఇంకా పెద్దది, మూత లేనిది కొనమన్నారు, ఒక్క పిల్లయినా రెండు ట్రేలు రెండు చోట్ల ఉండాలన్నారు, సెంటు కలిపిన లిట్టర్ వద్దన్నారు. ఆ అక్క ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి బాల్కనీలో ట్రే పక్కనే వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే ఎట్టా కూర్చుంటాడమ్మా అని తనే హాలు మూలకి మార్చింది. కారిడార్లో మెయింటెనెన్స్ వాళ్ళు పోసే ఫినాయిల్ వాసన పసిగట్టి, అది పిల్లికి పడదు, తడి కాళ్ళతో తొక్కి నాక్కుంటే ఒంట్లోకి పోద్ది అని వాచ్‌మన్‌ని పిలిచి మా తలుపు ముందు పొయ్యొద్దని చెప్పి వెళ్ళింది. ఇవాళ వాడు కూర్చుంది ఆ ఇసుకలోనే.

అక్కా, మీ అమ్మాయికి ఇది పంపిస్తున్నాను, చదివి వినిపిస్తుంది. మీకు నేనేమిచ్చినా తీసుకోరని తెలుసు. వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలి, మీరు రాకపోతే నేనే క్యారియర్ కట్టుకుని కృష్ణలంక వచ్చేస్తా.

డాక్టర్ గారికి వెయ్యి దణ్ణాలు. మా ఆయనా, అత్తయ్యా, మరిదీ ఇంట్లో అన్నీ చూసుకున్నారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

అయ్యో, గన్నవరం వెటర్నరీ కాలేజీలో స్కానింగ్‌కి వెళ్ళినప్పుడు బుడ్డోడిని పట్టుకోవటానికి వచ్చిన స్టూడెంట్ పిల్లలిద్దరినీ మర్చిపోయా, వాడు గీరినా ఒక్క మాట అనలేదు, రాళ్ళేం లేవక్కా అని ముందు నాకు చెప్పింది కూడా వాళ్ళే. థాంక్యూ తల్లీ. ఆ రాత్రి మీటరు గురించి అడక్కుండా వెయిటింగ్‌లో కూర్చున్న ఆటో అన్నకి కూడా, మీ నంబర్ తీసుకోలేదు, ఇది చూస్తే చెప్పండి వెయిటింగ్ డబ్బులు ఇవ్వాలి. ఉప్పు లేకుండా చేపలు ఉడికించి ఆ నీళ్ళతో సహా రోజూ పంపుతున్న కింద ఫ్లాట్ ఆంటీకి, వాడు నీళ్ళు తాగుతోంది వాటి వల్లే. ఇంకా మూడో ఫ్లోర్ వాళ్ళ బుట్ట నా దగ్గరే ఉండిపోయింది, కడిగి ఆరబెట్టాను, రేపు పొద్దున తెచ్చిస్తాను.