షిఫ్టు చార్టు సరిచేస్తే నిద్రగోళీల అవసరం తగ్గుతుంది

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఎండాకాలం వచ్చిందంటే మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లా పేరు మీ పత్రికలో తప్పకుండా కనిపిస్తుంది. ఇవాళ 45 డిగ్రీలు దాటింది, రేపు 46 దాటవచ్చు అని రాస్తారు. రాయవలసిందే. ఆ ఎండలోనే బొగ్గుబాయిలకు, పేపరు మిల్లుకు, థర్మల్ స్టేషన్‌కు మూడు షిఫ్టులూ తిరిగే మనిషి లోపల ఏమవుతున్నదో కూడా రాయమని ఈ ఉత్తరం. బల్లార్షా, రాజురా, ఘుగుస్‌లలో ఈ పనులు చేసేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి తాతల నాడు వచ్చి ఇక్కడే పాతుకున్న కుటుంబాలు.

నేను బల్లార్షాలో మెడికల్ షాపు నడుపుతాను. పని ఒత్తిడి అన్న మాట మా కౌంటర్ దగ్గర ఎవరూ అనరు. గ్యాస్ అంటారు, తలనొప్పి అంటారు, ఒళ్లంతా గుంజుతున్నది అంటారు. మొదట గ్యాస్ గోళీ, కొన్నాళ్లకు బామ్, ఆ తర్వాత నొప్పి గోళీ. చివరికి ఒకనాడు షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని, "అన్నా, నిద్ర పడ్తలేదు, ఏదన్న ఇయ్యి" అని మెల్లగా అడుగుతారు.

ఈమధ్య ఒక డంపర్ డ్రైవర్ వచ్చాడు, పాతికేళ్లు ఉంటాయేమో. హెల్మెట్ గాజు బల్ల మీద పెట్టి జేబులోంచి కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క తీశాడు. మందు పేరు సగమే మిగిలింది గాని అది ఆల్‌ప్రజోలం అనే నిద్రగోళీ అని తెలుస్తూనే ఉంది. పక్కింటాయన ఇచ్చాడట. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వనన్నాను. కోపం చేయలేదు, అట్లే నిలబడ్డాడు. "రేపు ఏ షిఫ్టో ఠేకేదార్ (కాంట్రాక్టరు) మనిషి రాత్రి ఫోన్ చేస్తేగాని తెల్వదన్నా. నైట్ జేసి పొద్దుగాల ఇంటికొస్తే రేకుల కింద నిద్రెట్ల పడ్తది?" అన్నాడు. అతని అసలు జబ్బు ఆ రెండు మాటల్లోనే ఉంది. దానికి మా షాపులో మందు లేదు.

ఆ గోళీ గురించి చదువరులకు ఒక్క మాట చెప్పాలి. 2014 మార్చి నుంచి ఆల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందుల్లో ఉంది. చీటీ చూసి, డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఊరికే పెట్టిన నిబంధన కాదు అది. నాలుగు వారాలు వరసగా వేసుకుంటే చాలు, ఆ గోళీ లేకుండా నిద్ర పట్టని స్థితి రావచ్చు. అలవాటయ్యాక సొంతంగా ఒక్కసారి ఆపేసినా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. దారు (మద్యం) తాగి వేసుకుంటే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. అది వేసుకుని మత్తు వదలక ముందే స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

తాగుడు మాట వచ్చింది కాబట్టి ఇదీ రాస్తున్నాను. 2015 నుంచి 2021 దాకా మా జిల్లాలో దారుబందీ ఉండింది. అన్నేళ్లూ దారు ఎక్కడి నుంచి వస్తున్నదన్న చర్చే చర్చ. డ్యూటీ దిగిన మనిషి ఇంటికి పోకముందే ఎందుకు తాగుతున్నాడని అడిగినవాళ్లు తక్కువ.

ఒత్తిడిని గుర్తుపట్టేది ముందుగా ఇంటివాళ్లే. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి పిల్ల పలక కింద పడేస్తే గయ్యిమంటాడు. సెలవు రోజున కూడా మంచం దిగడు. డ్యూటీకి బయలుదేరే గంట ముందు కడుపులో తిప్పుతుందంటాడు. పనిలో చిన్న చిన్న పొరపాట్లు మొదలవుతాయి. "చేస్తే ఎంత, చేయకుంటే ఎంత" అన్న మాట పదేపదే నోట వస్తుంది. ఈ చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, నా వల్ల కాదన్న భావన, ఈ మూడూ కలిసిన స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నవుట్' పేరుతో ప్రత్యేకంగా నిర్వచించింది. దాన్ని జబ్బుల లెక్కలో వేయలేదు. పనిచోట చాలాకాలంగా సరిచేయని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది. అంటే సరిచేయవలసిన బాధ్యత పనిచోటుకూ ఉంది. ఇంకొక సంగతి: ఛాతీలో బరువు, ఎడమచేయి లాగడం, చెమటలు ఉంటే గ్యాస్ అనో టెన్షన్ అనో షాపుకు రావద్దు. ముందు ఆస్పత్రికి పోయి ఈసీజీ తీయించుకోవాలి.

వారానికి 48 గంటల పని అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండింది, 1952 నాటి గనుల చట్టంలోనూ ఉండింది. పన్నెండు గంటల డ్యూటీ ఆరు రోజులు చేస్తే 72 అవుతుంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చాయి. పర్మినెంట్ కార్మికుడికి మస్టర్ ఉంది, యూనియన్ ఉంది, సిక్ లీవు ఉంది. ఠేకేదార్ కింద చేసేవాడు ఒకరోజు నాగా పెడితే ఆ రోజు కూలీ పోతుంది, రెండోసారి పెడితే పనే పోతుందన్న భయం. ఈ భయం యోగా దినం నాడు చాపలు పరిచి ఊపిరి బిగబట్టిస్తే పోయేది కాదు.

కార్మికులు సొంతంగా చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. నైట్ షిఫ్టులో చివరి మూడు నాలుగు గంటలు చాయ్ మానాలి. పగలు పడుకునే గదికి నల్లగుడ్డ కట్టి చీకటి చేయాలి, ఫోన్ ఇంకో గదిలో పెట్టాలి. నమ్మకమైన తోటి పనివాడితో మనసులో మాట చెప్పుకోవాలి. నిద్రలేమి, చిరాకు రెండు వారాలు దాటితే డాక్టరును కలవాలి. ఇవన్నీ షాపుకు వచ్చేవాళ్లకు చెప్తూనే ఉన్నాను. కానీ షిఫ్టు రాత్రికి రాత్రి మారే మనిషికి ఇవి ఎంతవరకు అక్కరకొస్తాయి?

అందుకే అసలు కోరేది ఇది. కాంట్రాక్టు కార్మికులకు కూడా షిఫ్టు చార్టు కనీసం వారం ముందు గేటు దగ్గర అంటించాలి. ఫస్ట్ తర్వాత సెకండ్, సెకండ్ తర్వాత నైట్, ఇలా ముందుకు తిప్పితే శరీరం కొంత సులువుగా సర్దుకుంటుంది. సెకండ్ షిఫ్టు దిగినవాణ్ని మళ్లీ ఫస్ట్ షిఫ్టు ఎక్కిస్తే మధ్యలో మిగిలేది ఎనిమిది గంటలు. ఇంటికి రావడం, స్నానం, తిండి, మళ్లీ బయలుదేరడం అన్నీ అందులోనే. మిగిలిన నిద్ర ఎంతో లెక్క వేసుకోండి. దీన్ని పూర్తిగా ఆపాలి. గనుల్లో పీఎంఈ (కొంతకాలానికొకసారి చేసే వైద్య పరీక్ష) పేరుతో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, చెవులు పరీక్షిస్తారు. నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది అని కూడా అప్పుడే అడగాలి. ఆ జవాబు వల్ల పని పోదని ముందే రాసి ఇవ్వాలి, లేకుంటే ఎవరూ నిజం చెప్పరు.

ఇక భాష. మావాళ్లు దుకాణంలో మరాఠీ, సాహెబ్‌తో హిందీ మాట్లాడతారు. కడుపులో బాధ చెప్పుకోవలసి వస్తే తెలుగే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఒక్కరినైనా వేయమని కలెక్టరు గారిని కోరుతున్నాను. అప్పటిదాకా టెలి మానస్ ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. నంబర్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మహారాష్ట్ర నుంచి చేసినా తెలుగు ఎంచుకోవచ్చు. ఈ సంగతి నేను చెప్పిన చాలామందికి అంతకుముందు తెలియదు. మీ ఆసిఫాబాద్, ఆదిలాబాద్ పేజీలు ఇక్కడ మాక్కూడా వస్తాయి. ఆ నంబర్‌ను వారానికి ఒకసారైనా ఆ పేజీల్లో పెద్ద అక్షరాలతో వేయగలరా? వేస్తే ఆ ముక్క కత్తిరించి మా కౌంటర్ అద్దానికి అంటిస్తాను.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర