పిల్లల కుస్తీ వీడియో ఎవరి కోసం?

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయికి పదకొండేళ్లు, కుస్తీ నేర్చుకుంటున్నాడు. కిందటేడాది ఒక పోటీలో వాడి బౌట్‌ను ఫోన్లో తీసి, చుట్టాలు చూస్తారు కదా అని ఒక వీడియో సైట్‌లో పెట్టాను. మా చుట్టాలంతా కలిపితే నలభై మంది ఉంటారేమో. వారం తిరిగేసరికి వ్యూస్ తొమ్మిది వేలు దాటాయి. నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను. తర్వాత కామెంట్లు చూశాను. కొన్నింటిలో మాటల్లేవు, '1:12', '2:40' అని అంకెలే. నొక్కితే వీడియో సరిగ్గా అక్కడికి పోతుంది. మావాడు కింద పడి లేవలేక గింజుకుంటున్న చోటికి. ఒళ్లు జలదరించింది. వెంటనే తీసేశాను.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. పిల్లల్ని లైంగిక దృష్టితో చూసేవాళ్లు యూట్యూబ్‌లో పిల్లల మామూలు వీడియోల కింద ఇలాంటి కామెంట్లే పెడుతున్నారని 2019 ఫిబ్రవరిలో పెద్ద గొడవైంది. పేరున్న కంపెనీలు ప్రకటనలు ఆపేశాక, పిల్లలు కనిపించే చాలా వీడియోలకు యూట్యూబ్ కామెంట్లు మూసేసింది. మంచిదే. కానీ కామెంటు రాయకుండా చూసేవాడి సంగతి? ఒకటి చూస్తే అలాంటివే పది తెచ్చి ముందు పెట్టే సిఫార్సుల సంగతి?

పిల్లల కొట్లాట వీడియోలైతే మరీ ఘోరం. కుస్తీలో మ్యాట్ ఉంటుంది, ఈల వేసి ఆపే రిఫరీ ఉంటాడు. కొట్లాటలో ఆపాల్సినవాడే ఫోన్ పట్టుకుని "వెయ్ రా" అంటుంటాడు. దెబ్బ వారానికి మానుతుంది, వీడియో మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. "చూడండి, పిల్లలు ఎలా పాడైపోతున్నారో" అంటూ ఫార్వర్డ్ చేసే పెద్దలు చేస్తున్నదీ అదే పని. సాక్ష్యమనుకుంటే స్కూల్‌కో పోలీసులకో ఇవ్వాలి, ఊరందరికీ పంచడమెందుకు?

పిల్లల గోప్యతకూ గౌరవానికీ రక్షణ ఉండాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం 1989లోనే చెప్పింది. ఫ్రాన్స్ 2024లో చట్టం చేసి, పిల్లల ఫొటోలు, వీడియోల విషయంలో వయసును బట్టి వాళ్లనూ నిర్ణయంలో కలుపుకోవాలని తల్లిదండ్రులకు చెప్పింది. నేను ఆ పని చేయలేదు. వీడియో తీసేశానని చెబితే మావాడు, "ఏది, నేను ఓడిపోయిందా? అది అందరికీ పెట్టావా?" అన్నాడు. వాడు బాగా పోరాడాడని నేను పెట్టాను. వాడికి గుర్తున్నది ఓటమే.

పోటీలు పెట్టేవాళ్లు వీడియోల విషయంలో ముందే ఒక నియమం పెట్టాలి: ఇద్దరు పిల్లలూ, ఇద్దరి ఇంటివాళ్లూ ఒప్పుకుంటేనే నెట్‌లో పెట్టాలి. ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే, ఆ వీడియోలో మావాడితో పాటు ఇంకో పిల్లాడున్నాడు. తొమ్మిది వేల సార్లు చూసింది వాణ్ని కూడా. వాళ్లమ్మకు చెబుదామంటే, ఆమె ఎవరో నాకు తెలియదు.

– ఒక తల్లి