షరతులు షాపులకేనా, యాప్‌లకు లేవా?

సంపాదకుల వారికి,

మల్టీబ్రాండ్ రిటైల్‌లోకి, అంటే రకరకాల కంపెనీల సరుకు ఒకేచోట అమ్మే షాపుల్లోకి, 51 శాతం విదేశీ పెట్టుబడిని 2012లో అనుమతించినప్పుడు దేశమంతా బంద్ చేశారు. మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మాత్రం సరేనంది. నిజానికి అప్పుడు పెట్టిన షరతులు తక్కువేం కాదు. కనీసం 10 కోట్ల డాలర్లు తేవాలి, అందులో సగం మూడేళ్లలో గోదాములు, కోల్డ్ స్టోరేజీల లాంటి వాటి మీద ఖర్చుపెట్టాలి, 30 శాతం సరుకు చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. వీటికి ఒప్పుకుని వచ్చింది బ్రిటన్ సూపర్‌మార్కెట్ కంపెనీ టెస్కో, అదీ టాటాల రిటైల్ కంపెనీ ట్రెంట్‌తో కలిసి. పెద్ద డబ్బంతా ఆన్‌లైన్ దారి పట్టింది. ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాకు వాల్‌మార్ట్ 2018లో పెట్టింది 1,600 కోట్ల డాలర్లు!

ఆన్‌లైన్‌లో 'మార్కెట్‌ప్లేస్'కు, అంటే వేరేవాళ్లు సరుకు అమ్ముకునే వేదికకు, నూరు శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఉంది. సంత నడుపుకోవచ్చు, సొంత సరుకు అమ్మకూడదు. ధరల్లో నేరుగా గానీ, చాటుగా గానీ వేలు పెట్టకూడదని కూడా నిబంధనల్లో రాసి ఉంది.

మరి మా కిరాణా కొట్టుకొచ్చి చూడండి. పేరెందుకు గానీ, ఓ డెలివరీ యాప్‌లో లీటరు నూనె ప్యాకెట్ మా డిస్ట్రిబ్యూటర్ నాకు వేసే రేటు కంటే తక్కువకు దొరుకుతోంది. ఒక్కోసారి నేనే అందులో ఆర్డర్ పెట్టి తెచ్చి అమ్ముతున్నాను, ఏం చేయను? ఆ తేడా ఎవరో భరిస్తున్నారు. ఊరూ పేరూ తెలియని అమ్మకందారు తన జేబులోంచి పెట్టుకుంటున్నాడంటే నమ్మేదెవరు? యాప్ కంపెనీయే భరిస్తుంటే అది ధరల్లో వేలు పెట్టడం కాదా?

విదేశీ డబ్బు రావద్దని నేననను. రేటు పడిపోయినప్పుడల్లా మదనపల్లె రైతు టమాటా రోడ్డు మీద పారబోసే పరిస్థితి ఉన్నప్పుడు, నిల్వకూ ప్రాసెసింగ్‌కూ ఎవరు డబ్బు పెట్టినా మంచిదే. కానీ విదేశీ డబ్బుతో షట్టర్ ఎత్తి వ్యాపారం చేసేవాడికి పెట్టిన ఆ గోదాముల షరతు యాప్‌కు ఎందుకు లేదు? నాడు బంద్‌లో ముందున్న బీజేపీయే 2014 నుంచి కేంద్రంలో ఉంది కాబట్టి అడగాల్సి వస్తోంది.

ప్రతి డిస్కౌంట్‌లో అమ్మకందారు భరించింది ఎంత, యాప్ కంపెనీ భరించింది ఎంత అన్నది బిల్లు మీదే వేయించాలి. జీఎస్టీని మేం పైసలతో సహా చూపిస్తున్నాం కదా, వాళ్లకు మాత్రం కష్టమేముంది? రెండు రాష్ట్రాల ఎంపీలూ ఈ పార్లమెంటు సమావేశాల్లోనే దీని మీద కేంద్ర వాణిజ్య శాఖ నుంచి లిఖితపూర్వక సమాధానం రాబట్టాలి.

– ఒక కిరాణా వ్యాపారి, విజయవాడ