ఫైనల్ ఇయర్ వాళ్లకు, కాస్త చదవండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "అన్నా, లింక్డిన్‌లో ఏం పెట్టాలి?" అని నిన్నటి నుంచి నలుగురు అడిగారు. విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

"ఉద్యోగం ఉంటే చూడండి సార్" అని అందరికీ ఒకే మెసేజ్ కొట్టకండి. నేనూ కొట్టా, కావలిలో మేడ మీద కూర్చుని ఒక్క రాత్రిలో అరవై మందికి. ఒక్క జవాబూ రాలేదు. తర్వాత మన కాలేజీ సీనియర్ అక్క ఒకామెకు, చెన్నైలో ఆమె చేసే పని గురించి రెండు ప్రశ్నలు అడిగా. ఆమె పరిచయం చేసిన మనిషి దగ్గరే నా మొదటి ఇంటర్న్‌షిప్. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఈ మాట రాశాడు: ఉద్యోగాల కబురు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా వస్తుందని. నిజమే, మన స్నేహితులకు తెలిసింది మనకూ తెలిసిందే కదా!

ప్రొఫైల్‌లో "హార్డ్ వర్కర్" అని కాదు, చేసిన పని పెట్టండి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో ఎక్సెల్ లెక్కలు రాసినా, కృష్ణపట్నం పోర్టు మీద ప్రాజెక్టు చేసినా అదే చెప్పండి.

డబ్బు కట్టించుకునే ఇంటర్న్‌షిప్‌ల జోలికి పోవద్దు. నాకు మూడు వేలు పోయాయి, వచ్చింది ఒక పీడీఎఫ్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరితే మనం కట్టేది లేదు, మనకే స్టైపెండ్ ఇస్తారు. కేంద్రం వాళ్ల నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్ చూడండి.

ఆదివారం సాయంత్రం రెజ్యూమెలు చూస్తా. ఫైల్ పంపండి, కాగితం ఫోటో తీసి పంపొద్దు బాబూ.