కీబోర్డు మానేసే పిల్లలకు ఒకసారి కమాను ఇచ్చి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగిళ్ళలో పిల్లల సంగీతం కోసం ముందు కొనేది కీబోర్డే. స్విచ్చి వేస్తే మోగుతుంది, శ్రుతి చేసే బాధ లేదు. ఏడాది రెండేళ్ళలో సరళీ వరుసలు, జంట వరుసలు, నాలుగు గీతాలు వస్తాయి. ఆ తర్వాత బండి కదలదు. పరీక్షలని క్లాసు మాన్పించేసి, ‘మావాడికి సంగీతం ఎక్కలేదండీ’ అంటారు. ఎక్కనిది సంగీతం కాదేమో, ఆ వాద్యమేమో. మాన్పించే ముందు వాద్యం మార్చి, కమానుతో వాయించే వయొలిన్ ఇచ్చి చూడమని మా మనవి.

కీబోర్డులో స్థాయికి, అంటే స నుంచి పై స లోపు, పన్నెండు మెట్లు. మెట్టుకీ మెట్టుకీ నడుమ ఏమీ లేదు. గీతాల దాకా ఇబ్బంది లేదు కానీ, ఆ తర్వాతి పాఠమైన వర్ణం మొదలయ్యేసరికి గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం కావాలి. తోడి రాగంలో గాంధారం (గ) మెట్టు నొక్కి ఊరుకుంటే అది తోడి అవదు. ఈ లోటు చెవి ఉన్న పిల్లలకే ముందు తెలుస్తుంది, విసుగూ వాళ్ళకే ముందు వస్తుంది. అలాంటివాళ్ళకు వయొలిన్ సరిపడుతుంది. స్వరస్థానాలు, తాళం ఎలాగూ వచ్చు కాబట్టి పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. మాయామాళవగౌళ రాగంలో స ఖాళీ తీగ, రి చూపుడు వేలు, గ మధ్య వేలు, మ ఉంగరపు వేలు. ప పక్క తీగ, దాన్నీ ఖాళీగానే వాయించాలి. ద ని స లకు మళ్ళీ అవే వేళ్ళు, అవే దూరాలు.

రాని విద్య ఒకటుంది. శ్రుతి మార్చడానికి ట్రాన్స్‌పోజ్ మీట నొక్కే అలవాటు వల్ల చెవికి పని తగ్గిపోయి ఉంటుంది. అందుకని శ్రుతిపెట్టె పెట్టుకుని, స్వరం ముందు నోటితో అనిపించి, ఆ తర్వాతే వేలు పెట్టించాలి.

సైజు దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ఎదిగే పిల్లలని యూనిఫాం వదులుగా కుట్టించినట్టు పెద్ద వయొలిన్ కొనేస్తారు. అప్పుడు చిటికెన వేలు అందదు, మణికట్టు వంగిపోతుంది, భుజం పైకి లేస్తుంది. చెయ్యి పక్కకు చాపించి మెడ నుంచి అరచేతి మధ్య దాకా కొలవండి. సుమారు 20 అంగుళాలుంటే హాఫ్, 22 ఉంటే త్రీఫోర్త్, 23 దాటితే ఫుల్ సైజు.

ఇంటికొచ్చిన కొత్త వయొలిన్ అస్సలు మోగకపోతే వెనక్కి పంపేయకండి. కొత్త కమానుకు రోజిన్ (జుట్టు తీగను పట్టుకునేలా రుద్దే గట్టి బంక) పట్టి ఉండదు, కమాను జుట్టు తీగ మీద ఊరికే జారిపోతుంది. రోజిన్ బిళ్ళ పైన గాజులాంటి నునుపు ఉంటుంది, దాన్ని సన్న గరుకు కాగితంతో కాస్త గీకి అప్పుడు రుద్దాలి. జుట్టును వేళ్ళతో తాకకూడదు, చేతి జిడ్డు అంటితే రోజిన్ పట్టదు. కర్రకూ జుట్టుకూ మధ్య పెన్సిలు పట్టేంత సందు చాలు. వాయించాక కమాను మర వదులు చేయాలి, లేకపోతే కర్ర వంపు పోతుంది.

తీగలు కంపెనీ నుంచి జి, డి, ఏ, ఇ అనే పాశ్చాత్య స్వరాలకు వస్తాయి. మొదట్లో ఐదు శ్రుతి, అంటే జి ని స గా పెట్టుకోవడం, తేలిక. లావు తీగలు రెండూ ఉన్నచోటే ఉంటాయి. మూడోదాన్ని జి కి, సన్నదాన్ని డి కి దించితే స-ప-స-ప కుదురుతుంది. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పొద్దు. లోపల నిలబెట్టిన కర్రను పట్టి ఉంచేది ఆ బిగువే. అది పడిపోతే తిరిగి నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. బిగించేకొద్దీ బ్రిడ్జి (తీగలను మోసే చెక్క) ముందుకు వాలుతుంది, చూసుకుని సర్దుతూ ఉండాలి. వానాకాలం మన వైపు చెమ్మకు తీగలు చుట్టే బిరడాలు బిగుసుకుపోతాయి, ఎండల్లో జారతాయి. బిగుసుకుంటే పొడి సబ్బు, జారితే సుద్ద కొద్దిగా రాయండి.

మొదటి రెండు వారాలు ఖాళీ తీగల మీద నిడుపాటి కమాను చాలు. కీచుమంటోందంటే కమాను బ్రిడ్జికి సమాంతరంగా పోవడం లేదు, లేదా తక్కువ వేగంతో ఎక్కువ ఒత్తుతున్నారు. కీబోర్డు పిల్లలకు వేళ్ళ వేగం ముందే అలవాటై ఉంటుంది, పగ్గం వేయాల్సింది దానికే. కూర్చునే తీరు, కమాను పట్టు మాత్రం ఎదురుగా ఉన్న గురువు దిద్దాల్సినవి, ఫోను తెరలో కుదరవు.

గురువులకు మరీ దూరం వెళ్ళక్కర్లేదు. 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు, వయొలిన్ నేర్పింది ద్వారం వెంకటస్వామినాయుడు. రాయగడ నుంచి అక్కడికి నేరుగా రైలుంది. ఆ ఊళ్ళో నేర్చినవాళ్ళు వారానికొకసారైనా ఇటు వచ్చి చెప్పగలిగితే మన పిల్లలకు చాలు.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఖర్చు. సరిపడుతుందో లేదో తెలియని వాద్యానికి, అదీ రెండేళ్ళలో సైజు మారిపోయేదానికి, ఎవరూ వేల రూపాయలు పోయరు. మన తెలుగు సంఘాలు ఉగాదికి, త్యాగరాజ ఆరాధనకు చేసే ఖర్చులో కొంత ఇటు మళ్ళించి హాఫ్, త్రీఫోర్త్ సైజుల్లో రెండేసి వయొలిన్లు కొని, మూడు నెలల చొప్పున పిల్లలకు ఇవ్వాలని కోరుతున్నాం. తీగలు, రోజిన్ ఖర్చు తల్లిదండ్రులదే. ముందు బ్రిడ్జి ఎత్తు తెలిసినవారి చేత సరిచేయించాలి. ఎత్తు ఎక్కువైతే వేలి కొసలు కోసుకుపోయి, బాగా వాయించగల పిల్లలు కూడా వారం తిరక్కుండా దాన్ని మూలన పెట్టేస్తారు.

– సంగీత ఉపాధ్యాయులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా